తెలుపులో కలిపిన చుక్క

గురువారం ఉదయం రంగులమ్మ హాల్లోకి వచ్చేసరికి, నిన్న సాయంత్రం వరకూ బుద్ధిగా తెల్లగా ఉన్న వంటింటి గోడ గులాబీ రంగులోకి తిరిగిపోయి ఉంది.

ఆమె కేక పెట్టలేదు. రెండడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి చూసింది. ఆ కన్ను తెరిచి రెండోది మూసి చూసింది. కిటికీ తెర పక్కకి లాగి మళ్ళీ చూసింది. అనుమానం లేదు. గోడ సిగ్గుపడుతోంది.

"ఏమండీ, ఇలా రండి" అని పిలిచింది.

భర్త నోట్లో బ్రష్షుతోనే వచ్చాడు. గోడ వంక చూశాడు, భార్య వంక చూశాడు, తెల్లగానే ఉంది కదా అన్నట్టు భుజాలెగరేసి వెళ్ళిపోయాడు. అత్తగారు వచ్చి గోడ మీద వేలితో రాసి, వేలు వాసన చూసి, తెలుపే అని తేల్చింది. మామగారు కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చూసి, రెండు విధాలా తెలుపేనన్నారు. కాలేజీకి బయల్దేరుతున్న కూతురు ఫోన్‌తో ఫోటో తీసి, వేళ్ళతో పెద్దది చేసి చూసి, "వైట్ అమ్మా" అని చెప్పి చెప్పులు వేసుకుంది.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. జరిగిన నేరం ఆ ఇంట్లో ఒక్క మనిషికే కనిపిస్తోంది.

రంగులమ్మ ఒక పెద్ద రంగుల కంపెనీ షోరూములో సలహాదారు. రంగులమ్మ అన్న పేరు షోరూములో వాళ్ళు పెట్టిందే. ఆమె పని ఏ తెలుపు పక్కన ఏ తెలుపు వేయాలో చెప్పడం. జనం లోపలికి వస్తూ మామూలు తెల్ల రంగు చాలండీ అంటారు. గంట గడిచాక తెలుపు అనేది ఒక రంగు కాదనీ, అదొక పెద్ద ఉమ్మడి కుటుంబమనీ, అందులో ఎవరికీ ఎవరితోనూ పడదనీ తెలుసుకుని, దిగులుపడి బయటికి వెళతారు. ఒక తెలుపు లోపల పసుపు దాక్కుని ఉంటుంది. ఇంకో దాంట్లో నీలం. వేరేదాంట్లో కాస్త ఎరుపు. విడివిడిగా చూస్తే అన్నీ పెద్దమనుషుల్లాగే ఉంటాయి. పక్కపక్కన నిలబెట్టినప్పుడే ఒకదాని గుట్టు ఇంకొకటి బయటపెడుతుంది.

గోడలు అడ్డం ఉన్న ఇంట్లో ఇదేమంత ప్రమాదం కాదు. రంగులమ్మ ఇంట్లో అడ్డుగోడలు లేవు. ఆర్నెల్ల క్రితం ఆమే కొట్టించేసింది. మనుషుల మధ్య గోడలెందుకని షోరూములో అందరికీ చెప్పి చెప్పి, చివరికి తన మాట తనే నమ్మింది. హాలు, భోజనాల గది, వంటిల్లు, సామాన్ల గది అన్నీ కలిసి ఒకటే మైదానం అయ్యాయి. మిగిలిన పడకగదులకి చెక్క తలుపులు తీసేసి, వెలుగు కోసమని గాజువి పెట్టించింది. ఇప్పుడు వీధి గుమ్మంలో నిలబడితే పొయ్యి మీద ఏం ఉడుకుతోందో కనిపిస్తుంది. పొయ్యి దగ్గర నిలబడితే సోఫాలో ఎవరు ఎక్కడ గోక్కుంటున్నారో కనిపిస్తుంది. మూడు వైపుల గోడలూ ఒకే చూపులో పడతాయి గనక మూడింటికీ పొత్తు కుదరాలి. అందుకోసం ఆమె నెలల తరబడి వెతికి మూడు రంగులు తేల్చింది. హాలుకి చల్లారిన పాలు, భోజనాల వైపు నిన్నటి ఇసుక, వంటింటి వైపు తడిసిన గవ్వ. ఆ పేర్లు కూడా ఆమె పెట్టినవే.

ఇదంతా సరదా కోసం కాదు. షోరూములో ముఖ్య సలహాదారు పోస్టు ఖాళీ అయింది. దానికి ఇద్దరు పోటీ. ఒకరు రంగులమ్మ. ఇంకొకాయన ఎవరు వచ్చినా బూడిద రంగు వేయించుకోమని చెప్పి పంపే సహోద్యోగి. ఆయన్ని బూడిదాయన అంటారు. కంపెనీ డైరెక్టరమ్మ ఆదివారం స్వయంగా వచ్చి రంగులమ్మ ఇల్లు చూస్తానంది. మూడు గోడలూ కుదిరితే ఫోటోలు తీయించి, కంపెనీ నమూనా ఇల్లుగా పెట్టి, పోస్టు ఇస్తుంది. కుదరకపోతే బూడిదాయన. ఎన్నేళ్ళుగానో ఆమె ఎదురుచూస్తున్న పోస్టు అది.

ఇప్పుడు గోడ చూస్తే ఇలా ఉంది.

పెయింటు మేస్త్రి వచ్చీ రాగానే విషయం విని మొహం మాడ్చుకున్నాడు. డబ్బా మీద రాసిన పేరు చూసే మూత తీశాననీ, తన చేతి మీద ఇంతవరకు ఎవరూ మాట అనలేదనీ, కావాలంటే బ్రష్షులు కడిగేసి వెళ్ళిపోతాననీ అన్నాడు. రంగులమ్మ ఆయనకి టీ ఇచ్చి కూర్చోబెట్టి, డబ్బాలో మిగిలిన రంగు ఒక అట్టముక్క మీద పూసి, జుట్టు ఆరబెట్టుకునే మెషిన్‌తో ఆరబెట్టింది. పక్కన షోరూము నుంచి తెచ్చిన రంగు నమూనా కార్డు పెట్టింది. తడిసిన గవ్వ పక్కన అదే గవ్వ, కానీ సిగ్గుతో.

రంగులో ఎవరో ఎరుపు స్టెయినర్ కలిపారు. స్టెయినర్ అంటే చిన్న సీసాలో ఉండే చిక్కటి రంగు. నాలుగు చుక్కలు వేస్తే డబ్బా మొత్తం మారిపోతుంది, కాకపోతే ఆ మార్పు గోడ పూర్తిగా ఆరాకే బయటపడుతుంది. మేస్త్రి సంచీలో అన్ని రంగుల సీసాలూ ఉంటాయి. ఆ సంచీ పని అయ్యేదాకా హాల్లో ఓ మూల, పని జరుగుతున్న చోట వేలాడదీసిన మందపాటి ప్లాస్టిక్ షీటు పక్కన పడి ఉంటుంది. లప్పం రుద్దే దుమ్ము ఇల్లంతా ఎగరకుండా కట్టిన షీటు అది. సంచీ మీద ఎవరైనా చెయ్యి వేయొచ్చు.

కొత్త డబ్బా తెప్పించి శుక్రవారం వంటింటి గోడ సరిచేయించింది. అదే రోజు భోజనాల వైపు గోడ కూడా పూర్తయింది. ఆరుతుండగా నిలబడి చూసి, ఆమె కాస్త ఊపిరి పీల్చుకుంది.

శనివారం తెల్లారేసరికి నిన్నటి ఇసుకకి నాచు పట్టింది.

ఈసారి ఆకుపచ్చ. అదీ ఎంతో కాదు, నీడలో నిలబడిన తెలుపంత. ఆమె మళ్ళీ అందర్నీ పిలిచింది. అందరూ మళ్ళీ తెలుపన్నారు. షోరూముకి ఫోన్ చేస్తే ఆ రంగు డబ్బాలు అయిపోయాయనీ, సోమవారం గానీ రావనీ చెప్పారు.

రంగులమ్మ కుర్చీ లాక్కుని గోడకి ఎదురుగా కూర్చుని ఆలోచించింది. ఎవరు చేసి ఉంటారన్నది ఒక ప్రశ్న. ఎందుకన్నది ఇంకోటి. రెండో ప్రశ్న మొదలుపెట్టాక తెలిసిన సంగతి ఏమిటంటే, కారణం లేనివాళ్ళు ఆ ఇంట్లో దాదాపు ఎవరూ లేరు.

అత్తగారిని కదిపితే, గోడలు పోయిన దగ్గర్నుంచీ వంటింట్లో ఓ బిస్కెట్టు నోట్లో వేసుకోవాలన్నా సభలో తింటున్నట్టుందని వాపోయింది. మామగారు పగటిపూట కునుకు తీసే కుర్చీ ఇప్పుడు సరిగ్గా మైదానం నడిమధ్యకి వచ్చింది. వచ్చిన ప్రతివాడూ ఆయన గురక గురించి ఆరోగ్య సలహా ఇచ్చి పోతున్నాడు. కూతురు ఫోన్ మాట్లాడాలంటే మేడ మెట్ల మీద కూర్చోవలసి వస్తోంది. మేస్త్రికి పని ఎంత సాగితే అంత లాభం. ఇక మిగిలింది భర్త. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. గోడలు కొట్టేద్దామంటే ఎదురు మాట్లాడకపోగా మొదటి సుత్తి దెబ్బ తనే వేసిన మనిషి. వచ్చిన చుట్టాలకి ఇల్లు చూపిస్తూ, గాలి ఎలా ఆడుతోందో చూశారా అని మెచ్చుకునేది ఆయనే. అనుమానితుల్లోంచి ఆయన పేరు ముందే కొట్టేసింది.

కానీ ఒక సంగతి మాత్రం ఆమెని కుదురుగా కూర్చోనివ్వలేదు. కోపంతో గోడ పాడు చేయాలనుకున్నవాడు సీసా మొత్తం ఒంపుతాడు. అందరికీ కనిపించేలా పాడు చేస్తాడు. వీడెవడో గానీ ఆమె కంటికి ఆనేంత, మరో కంటికి ఆననంత మాత్రమే కలిపాడు. అంటే ఆమె కన్ను ఎంతవరకు చూస్తుందో కొలత తెలిసినవాడు. ఆ కొలత తెలియాలంటే వాడికీ అలాంటి కన్నే ఉండాలి.

అలాంటి కన్ను ఊరు మొత్తానికీ తనొక్కదానికే ఉందని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంటోంది.

ఆదివారం వచ్చేసింది. రంగులమ్మ చేయగలిగినంత చేసింది. భోజనాల గోడ ముందు ఎత్తయిన పూల కూజా పెట్టింది. బల్బులు మార్చింది. అయినా నాచు బయటపడే చోటు ఒకటి మిగిలిపోతే, ఇంట్లో అందరికంటే పొడుగైన మామగారిని ఇస్త్రీ చొక్కా వేసి ఆ చోట నిలబెట్టింది. కదలొద్దని చెప్పింది. ఆయన కూర్చోవచ్చా అని అడిగారు. వద్దంది.

డైరెక్టరమ్మ వెంట ఫోటోలు తీసే మనిషీ, నిజాయితీగా చూద్దామని వచ్చానంటూ బూడిదాయనా వచ్చారు. డైరెక్టరమ్మ తక్కువ మాట్లాడే మనిషి. వంటింటి వైపు చూసి తల ఊపింది. హాలు చూసి తల ఊపింది. మూలన షీటు చూసి, అక్కడ ఇంకా పని జరుగుతోందా అని అడిగి, సమాధానం వినకుండా భోజనాల వైపు నడిచింది.

మామగారి ముందు ఆగింది.

"మీరు కాస్త జరుగుతారా?"

మామగారు కోడలి వంక చూశారు. కోడలు నేల వంక చూసింది. ఆయన జరిగారు.

డైరెక్టరమ్మ గోడ దగ్గరికి వెళ్ళింది, వెనక్కి వచ్చింది, ఒక కన్ను మూసింది. రంగులమ్మ ఈవిడకీ కనిపిస్తోంది, అయిపోయింది అనుకుంది.

"ఇదేం రంగు?"

"నిన్నటి ఇసుక, మేడం."

"కాదు. నిన్నటి ఇసుక నాకు తెలుసు. అది ఏ ఇంట్లో వేసినా బ్యాంకులా ఉంటుంది. ఇది అది కాదు. దీంట్లో మీరేదో కలిపారు."

బూడిదాయన మొహం వెలిగింది. ఆ వెలుగు ఎంతోసేపు నిలవలేదు. ఇంత ప్రశాంతంగా ఉన్న గోడని తన ఉద్యోగంలో చూడలేదనీ, పక్కనున్న రెండు రంగుల్నీ కూర్చోబెట్టి రాజీ చేసినట్టుందనీ డైరెక్టరమ్మ చెప్పింది. వచ్చే ఏడాది కంపెనీ ముందు పెట్టబోయే రంగు ఇదేనంది. దీని పాళ్ళు, అంటే దేంట్లో ఏది ఎంత కలిపారో, రేపు ఉదయం తన బల్ల మీద ఉండాలంది. ఉంటే పోస్టు రంగులమ్మది. సొంతంగా కలిపిన రంగుకి పాళ్ళు చెప్పలేని మనిషిని ముఖ్య సలహాదారుని ఎలా చేస్తామని అడిగి, బూడిదాయన వంక ఒకసారి చూసింది. బూడిదాయన మాత్రం తనకి ఆ గోడలో మంచి బూడిద రంగు కనిపిస్తోందని వినయంగా మనవి చేశాడు. ఎవరూ వినలేదు.

కారు వెళ్ళిపోయాక రంగులమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇప్పటిదాకా దొరికితే తాట తీద్దామనుకున్న మనిషిని ఇప్పుడు దొరకబుచ్చుకుని బతిమాలాలి. డబ్బాలో చుక్క మిగల్లేదు, మేస్త్రి శుభ్రంగా కడిగి బోర్లించాడు. షోరూములో రంగులు కొలిచే మెషిన్ ఉంది గానీ, ఇంత చిన్న తేడా దాని లెక్కలో తెలుపే. చేసినవాడు నోరు విప్పితే తప్ప దారి లేదు.

ఇంట్లోవాళ్ళందర్నీ భోజనాల బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. ఆదివారమని కూలి లెక్క చూసుకోవడానికి వచ్చిన మేస్త్రిని కూడా వదల్లేదు. జరిగింది దాచకుండా చెప్పింది. కోపం లేదంది. చేసినవాళ్ళని ఏమీ అననంది. పైగా డైరెక్టరమ్మకి వాళ్ళ గురించి చెబుతానంది.

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ముందు అత్తగారు నోరు విప్పింది. శుక్రవారం డబ్బా అంచు తనే ఆకుపచ్చ గుడ్డతో తుడిచిందట, ఆ గుడ్డ రంగు పోతుందట. మామగారు అది కాదన్నారు. డబ్బాలో రంగు అడుగున పేరుకుంటోందని తన చేతికర్రతో కలిపిందే అసలు కారణమని, ఆ కర్ర మొదట్లో ఆకుపచ్చగా ఉండేదని గుర్తుచేశారు. కూతురు తను నోరు పుక్కిలించే ద్రవం కాస్త పోశానంది. ఎందుకు పోశావే అంటే, ఏదో ఐడియా వచ్చిందంది. మేస్త్రి గొంతు సవరించుకుని, ఇవన్నీ పక్కన పెట్టండి, అదంతా చెయ్యి తిప్పడంలో ఉంటుందన్నాడు. నిన్నటికి నిన్న తెలుపు తప్ప ఏమీ లేదన్న నలుగురూ ఇప్పుడు ఆ గోడలో ఆకుపచ్చ తమదంటే తమదని తగువులాడుకున్నారు. ఎంత కలిపారని అడిగితే మాత్రం నలుగురూ "కాస్త" అన్నారు.

భర్త ఒక్కడే ఆ తగువులోకి దిగలేదు. అందరూ తన వైపు తిరిగాక, "నాకు రంగుల సంగతేం తెలుసు? నాకు పాలూ సున్నమూ ఒకటే" అన్నాడు.

రంగులమ్మ లేచి వెళ్ళి తన చేతిసంచీలోంచి రంగు కార్డుల కట్ట తెచ్చింది. పేర్లున్న వైపు కిందకి తిప్పి బల్ల మీద పరిచింది. అన్నీ చూడ్డానికి తెలుపే. వీటిలో లోపల పసుపున్నవి, నీలమున్నవి, ఎరుపున్నవి ఉన్నాయనీ, ఒక్కొక్కరూ వాటిని మూడు కుప్పలు చేయాలనీ చెప్పింది.

అత్తగారు మురికి ఎంత త్వరగా కనబడుతుందన్న లెక్కతో కుప్పలు పెట్టింది. మామగారు పేకముక్కల్లా కలిపి పంచారు. కూతురు కళ్ళు మూసుకుని పెట్టింది. మేస్త్రి తీవ్రంగా ఆలోచించి పెట్టాడు. నలుగురివీ తప్పులే. అయితే గుడ్డిగా పెట్టినా కొన్ని తగులుతాయి గదా, అందరివీ అక్కడక్కడ సరిగ్గా తగిలాయి.

చివర్న భర్త వంతు. ఆయన ఆవలిస్తూ, కార్డులు చూడనైనా చూడనట్టు పెట్టుకుంటూ పోయాడు. రంగులమ్మ వాటిని ఒక్కొక్కటే తిప్పి చూసింది. పసుపున్న ఒక్క కార్డు కూడా పసుపు కుప్పలో లేదు. నీలమున్నది ఒక్కటీ నీలంలో లేదు. ఎరుపూ అంతే. మొత్తం కట్టలో ఒక్కటంటే ఒక్కటి పొరపాటున కూడా సరైన చోట పడలేదు.

తెలియనివాడికి కొన్నయినా తగులుతాయి. ఒక్కటి కూడా తగలకుండా పెట్టాలంటే, ప్రతి కార్డూ ఏదో తెలిసుండాలి.

ఆమె కార్డులు కట్ట కట్టి, ఎవరి పని వాళ్ళు చూసుకోండి అంది. అందరూ లేచి, నాలుగడుగులు వేసి, ఎక్కడికీ పోయే చోటు లేక ఆ మైదానంలోనే అక్కడొకరు ఇక్కడొకరు కూర్చుని ఆమె వంకే చూశారు.

భర్తతో ఒంటరిగా మాట్లాడాలి. రంగులమ్మ చుట్టూ చూసింది. హాల్లో మామగారు. పొయ్యి దగ్గర అత్తగారు. గాజు తలుపు వెనక నిలబడినా పెదవులు కదలడం కూతురికి కనిపిస్తుంది. కట్టుకున్న మొగుడితో ఒక మాట మాట్లాడడానికి ఆ ఇంట్లో జానెడు చాటు లేదని ఆమెకి ఆ క్షణంలో తెలిసొచ్చింది. అప్పుడే భర్త మెల్లగా లేచి మూలకి నడిచి, ప్లాస్టిక్ షీటు ఒక అంచు ఎత్తి, అలవాటైన మనిషిలా దాని వెనక్కి జారుకోవడం చూసింది.

వెనకే వెళ్ళి షీటు ఎత్తింది.

లోపల ఒక మడత కుర్చీ ఉంది. దాని మీద సోఫా దిండు. లప్పం బస్తా మీద కాళ్ళు చాపుకోవడానికి మడిచిన దుప్పటి. గోడకి ఒక చిన్న బల్బు తగిలించి ఉంది. ఒక పేపరూ, వేయించిన పల్లీల పొట్లమూ ఉన్నాయి. ఆయన కుర్చీలో కూర్చుని, దొరికిపోయిన దొంగలా కాకుండా, వచ్చిన చుట్టాన్ని కూర్చోబెట్టడానికి ఇంకో కుర్చీ లేదే అని నొచ్చుకునే మనిషిలా చూశాడు.

"మీరేనా?" అంది. పోస్టు సంగతి గుర్తొచ్చి, గొంతు ఇంకా తగ్గించింది. "నేను తిట్టనండీ. కోపం తర్వాత తెచ్చుకుంటాను. ఎంత కలిపారో చెప్పండి చాలు."

"ముందు షీటు దించు" అన్నాడు ఆయన. "ఆ, ఇప్పుడు చెప్తాను. నేనే. ఎరుపూ నేనే, ఆకుపచ్చా నేనే. మేస్త్రిని ఏమీ అనకు, పాపం ఆయనకి నిజంగానే తెలీదు. గోడలు కొట్టేటప్పుడు మొదటి దెబ్బ నాదే, కాదనను. నువ్వు వెలుగొస్తుందన్నావు, వచ్చింది. ఎంతొచ్చిందంటే నేను ముక్కు చీదినా అమ్మ వంటింట్లోంచి జలుబా అని అడుగుతోంది. ఊరికే కూర్చుంటే నాన్న ఏమైందిరా అంటున్నారు. ఏమీ అవలేదంటే ఎవరూ నమ్మరు. లిఫ్టులో పని చేస్తున్నప్పుడు తలుపులు రెండూ వచ్చి మూసుకుంటాయి చూడు, ఈమధ్య అది నాకెంత హాయిగా ఉంటోందో చెప్పలేను. బాగుచేయడం అయిపోయినా రెండు అంతస్తుల మధ్య ఆపుకుని కాసేపు కూర్చుంటున్నాను. పైన ఎవరో బటన్ నొక్కుతూ తిడుతుంటారు. తిట్టనీలే అనుకుంటాను. అలాంటిది మేస్త్రి వచ్చి ఇక్కడ ఈ షీటు కట్టాడు. ఊరికే ఇవతలికి వచ్చి చూశాను. ఎవరూ పిలవలేదు. మర్నాడు కుర్చీ తెచ్చుకున్నాను. రంగులు కుదిరిపోతే షీటు తీసేస్తారు కదా, అందుకని కుదరకుండా చేశాను. ఎక్కువ కలిపితే మేస్త్రి మీదికి పోతుంది, అందుకే నీ కంటికి మాత్రమే తెలిసేంత. నువ్వు ఇన్నేళ్ళుగా ఆ కార్డులు ఇల్లంతా పరుస్తుంటే నాకూ కళ్ళు వచ్చేశాయి. చెప్తే షోరూముకి లాక్కుపోతావని చెప్పలేదు. నీ పోస్టు దాకా వస్తుందని మాత్రం అనుకోలేదు. మీ డైరెక్టరమ్మ రావడం ఇంకో వారం వాయిదా పడుతుందనుకున్నాను, అంతే. అది తప్పే. ఇందాక బల్ల దగ్గర నోరు విప్పకపోవడం ఇంకా తప్పు. పాళ్ళు తెలీకపోతే నువ్వూ మేస్త్రీ ఇంకొన్నాళ్ళు రంగులు కలుపుతూ కూర్చుంటారు, షీటు ఉంటుందని ఆశపడ్డాను. సరే, రాసుకో. డబ్బాలో సగం రంగుకి, ఆకుపచ్చ సీసా మూత అడుగు తడిసేంత. దానికి పసుపు, అగ్గిపుల్ల కొనకి అంటినంత. పసుపెందుకంటావేమో, ఉత్త ఆకుపచ్చ వేసి అట్ట మీద చూశాను, హాలు గోడ పక్కన జబ్బు మనిషిలా ఉంది. పాడు చేద్దామనే మొదలుపెట్టాను గానీ, మరీ అంత అందవికారంగా చేయడానికి మనసొప్పలేదు. రాసుకున్నావా? ఇప్పుడు నాకో గదీ తలుపూ కట్టించు. ఈ కుర్చీ పట్టేంతైతే చాలు. చెక్క తలుపే, గాజుది వద్దు. ఇంకో మాట, దానికి చల్లారిన పాలు మాత్రం వేయించకు. దాంట్లో నీలం ఎక్కువైంది. మొదట్నుంచీ చెబుదామనుకుంటున్నాను."